విసిరిన చేతినే విసిరారు

2024 జూన్ 4న దేశమంతా ఓట్ల లెక్కల్లో మునిగి ఉండగా రాజస్థాన్‌లోని చురు లోక్‌సభ స్థానం ఫలితం వెలువడింది. కాంగ్రెస్ అభ్యర్థి రాహుల్ కస్వాన్‌కు 7,28,211 ఓట్లు, బీజేపీ అభ్యర్థి దేవేంద్ర ఝఝారియాకు 6,55,474 ఓట్లు వచ్చాయి. తేడా 72,737. ఆ రోజు ఓడినవాళ్లు దేశంలో వేలమంది ఉన్నారు. వాళ్లలో ఈ ఒక్కడి ఓటమి మాత్రం మనసును ఇప్పటికీ కలుక్కుమనిపిస్తూనే ఉంది. ఏథెన్స్‌లో, రియోలో ఒంటిచేత్తో బల్లెం విసిరి రెండుసార్లు ప్రపంచ రికార్డు రాసిన మనిషి ఆయన. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. దేవేంద్ర రచ్చ గెలిచి వచ్చి ఇంట ఓడిపోయాడు. ఎలా ఓడాడో, ఆ ఓటమిలో ఆయన పాలు ఎంతో, ఎదుటివాళ్ల పాలు ఎంతో చెప్పుకోకపోతే ఆ జీవితానికి అన్యాయం చేసినట్టే.

చురు జిల్లా థార్ ఎడారి అంచున ఉంటుంది. చలికాలం రాత్రుళ్లు నీళ్లు గడ్డకట్టే చోటే ఎండాకాలం ఇసుక నిప్పులు చెరుగుతుంది. ఓట్లు వేసిన తర్వాత, లెక్కింపుకు సరిగ్గా వారం ముందు, 2024 మే 28న అక్కడ 50.5 డిగ్రీల ఎండ కాసింది. వానమీద బతికే చేలు, ఊరికి దూరంగా నాలుగైదు ఇళ్లతో ఉండే ఢాణీలు, ఇంటికొకరు చొప్పున సైన్యానికి వెళ్లే యువకులు. ఇదీ ఆ నేల. అలాంటి ఒక ఢాణీలో, సాదుల్‌పూర్ దగ్గర, 1981 జూన్ 10న ఒక రైతు ఇంట్లో దేవేంద్ర పుట్టాడు. ఎనిమిదేళ్ల వయసులో చెట్టెక్కుతుండగా కొమ్మల మధ్య ఉన్న 11,000 వోల్టుల కరెంటు తీగ చేతికి తగిలింది. ప్రాణం దక్కింది గాని ఎడమ చెయ్యి దక్కలేదు.

ఒక చెయ్యి పోయిన పిల్లవాడు ఊళ్లో ఏమవుతాడో మన పల్లెల్లో పెరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు. జాలిపడేవాళ్లు కొందరు, ఆటలో చేర్చుకోనివాళ్లు కొందరు. పనికిరాడని ముందే తీర్మానించేవాళ్లు మిగతావాళ్లు. ఆ జాలికి భయపడి పిల్లవాడు ఇంట్లో ముడుచుకుపోతుంటే, తల్లి పట్టుబట్టి బయట ఆడుకోమని పంపిందని ఆయనే తర్వాత ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. బడిలో జావెలిన్ ఆడుతుంటే చూశాడు. కొనే స్తోమత లేక కర్రను చెక్కి బల్లెంగా చేసుకున్నాడు. ఆ కర్రతో ఇసుకలో విసురుతూ విసురుతూ రెండు చేతులున్న పిల్లల సరసన పోటీకి నిలబడ్డాడు. 1997లో బడి పోటీల్లో కోచ్ ఆర్.డి. సింగ్ కళ్లలో పడ్డాడు. అక్కడినుంచి దారి మారింది.

జావెలిన్ పోటీ చూసేవాళ్లు బల్లెం పట్టిన చేతినే చూస్తారు. అందులో సగం పని రెండో చేతిది. పరుగు చివర కుడిచెయ్యి వెనక్కి సాగుతుంటే ఎడమచెయ్యి ముందుకు చాచుకుని ఒంటిని నిలబెడుతుంది. విసిరే క్షణంలో అదే చెయ్యి ఛాతీవైపు ముడుచుకుని మొండెం తిరగడానికి ఊతమిస్తుంది. ఆ ఊతం లేనివాడు ఆ పనిని నడుముతోనూ, ముందుకాలితోనూ చేయించుకోవాలి. 800 గ్రాముల బల్లెం చేతిలోంచి జారే ఆ రెప్పపాటులో ఒళ్లు ఒక పక్కకు ఒరిగితే దూరం పోతుంది. దేవేంద్ర ఒంటికి ఆ సమతూకం నేర్పుకున్నది ఏళ్ల తరబడి సాధనతో. 2002లో దక్షిణ కొరియాలో జరిగిన ఫెస్పిక్ క్రీడల్లో స్వర్ణం గెలిచినప్పుడు ఆయన వయసు ఇరవైఒకటి.

2004లో ఏథెన్స్‌లో రెండు పండుగలు జరిగాయి. ఆగస్టు ఒలింపిక్స్‌లో రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ షూటింగ్‌లో రజతం గెలిచాడు. ఆ క్రీడల్లో దేశానికి వచ్చిన పతకం అదొక్కటే. ఆ వార్త ఊరూరా మోగింది. సెప్టెంబరులో అదే నగరంలో జరిగిన పారాలింపిక్స్‌లో దేవేంద్ర 62.15 మీటర్లు విసిరి, పాత ప్రపంచ రికార్డును చెరిపేసి, స్వర్ణం గెలిచాడు. 1972లో హైడల్‌బర్గ్‌లో మురళీకాంత్ పేట్కర్ ఈతలో స్వర్ణం గెలిచాక, ముప్ఫై రెండేళ్లకు పారాలింపిక్స్‌లో మన దేశానికి వచ్చిన రెండో స్వర్ణం అది. రాథోడ్, దేవేంద్ర ఇద్దరిదీ రాజస్థానే. ఒకరి రజతం దేశానికి తెలిసినంతగా రెండోవారి స్వర్ణం తెలియలేదు. తర్వాతి కాలంలో రాథోడ్ రెండుసార్లు ఎంపీ అయ్యాడు, కేంద్రంలో క్రీడల మంత్రి అయ్యాడు. దేవేంద్రకు మాత్రం ఏథెన్స్ తర్వాత ఎదురుచూపే మిగిలింది.

ఆ ఎదురుచూపు పన్నెండేళ్లు సాగింది. పారాలింపిక్స్‌లో ఏ వైకల్యానికి ఏ పోటీ ఉంటుందో ప్రతిసారీ కొత్తగా నిర్ణయిస్తారు. దేవేంద్ర ఆడే ఎఫ్46 విభాగం జావెలిన్‌కు 2008 బీజింగ్‌లో చోటు దక్కలేదు. 2012 లండన్‌లోనూ దక్కలేదు. ప్రపంచ రికార్డు ఆయనదే, ఒంట్లో సత్తువ ఉంది, వయసు ఇరవైలు దాటి ముప్ఫైల్లోకి జరుగుతోంది. విసరడానికి మైదానమే లేదు. ఒక ఆటగాడి నుంచి అతని యవ్వనాన్ని ఇంత నిశ్శబ్దంగా తీసుకుపోయే నిర్ణయం మరొకటి ఉంటుందా? 2012లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. ఆ ఏడే ఆట మానేద్దామనుకున్నానని, భార్య వద్దని ఆపిందని ఆయన చెప్పాడు. ఆ ఇల్లాలు స్వయంగా జాతీయ స్థాయి కబడ్డీ క్రీడాకారిణి. ఆటగాడికి మైదానం దూరమైతే లోపల ఏమవుతుందో ఆమెకు తెలుసు.

2013లో లియోన్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ స్వర్ణం దక్కింది. రియోలో ఎఫ్46 జావెలిన్ ఉంటుందని తెలిసింది. గాంధీనగర్‌లో సాధన, తర్వాత ఫిన్లాండ్‌లో శిక్షణ. ఇంటికి దూరంగా ఉన్న ఆ రోజుల్లో బడిలో చేరిన చిన్నారి కూతురితో ఒక ఒప్పందం కుదిరింది: ఆమె పరీక్షలో మొదటి స్థానంలో నిలిస్తే ఆయన స్వర్ణం తేవాలి. కూతురు నిలిచింది. 2016 సెప్టెంబరులో తండ్రి 63.97 మీటర్లు విసిరి పన్నెండేళ్ల కిందటి తన రికార్డును తానే దాటాడు. పారాలింపిక్స్‌లో రెండు స్వర్ణాలు గెలిచిన మొదటి భారతీయుడయ్యాడు. 2017లో ఖేల్ రత్న అందుకున్నాడు. అంతకుముందు ఆ పురస్కారం ఏ పారా క్రీడాకారుడికీ దక్కలేదు. 2020 అక్టోబరులో తండ్రి ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో కన్నుమూశాడు. ఆ దుఃఖాన్ని మోస్తూనే నలభయ్యో ఏట టోక్యో మైదానంలో దిగి 64.35 మీటర్లు విసిరాడు. రియోలో స్వర్ణం తెచ్చిన దూరంకన్నా అది ఎక్కువ. అయినా శ్రీలంకకు చెందిన దినేష్ ప్రియన్ హెరాత్ 67.79 మీటర్లతో ముందుకు పోయాడు, దేవేంద్రకు రజతం మిగిలింది. 2022లో పద్మభూషణ్ వచ్చింది. అప్పటికి ఆయన చురు జిల్లా మొత్తానికీ సొంతం. ఏ కులమైనా, ఏ జెండా పట్టినవాడైనా ఆయన పేరు మావాడే అని చెప్పుకునేవాడు. ఈ కథలో తర్వాత పోయినది అదే.

2024 మార్చిలో పది రోజుల్లో మూడు సంఘటనలు జరిగాయి. 2వ తేదీన బీజేపీ తొలి జాబితాలో చురు అభ్యర్థిగా దేవేంద్ర పేరు వచ్చింది. 9వ తేదీన ఆయన భారత పారాలింపిక్ కమిటీకి అధ్యక్షుడిగా పోటీ లేకుండా ఎన్నికయ్యాడు. 11వ తేదీన, టికెట్టు పోగొట్టుకున్న సిట్టింగ్ ఎంపీ రాహుల్ కస్వాన్ బీజేపీని వదిలి కాంగ్రెస్‌లో చేరాడు. పారా క్రీడాలోకం ఏకగ్రీవంగా తన పెద్దగా నిలబెట్టుకున్న వారంలోనే సొంత జిల్లాలో ఆయన ఎదుట బరి సిద్ధమైంది. ఆ బరి ఆయన ఎంచుకున్నది కాదు.

చురు స్థానం కస్వాన్ కుటుంబానికి కంచుకోట. 1999, 2004, 2009 ఎన్నికల్లో బీజేపీ తరఫున తండ్రి రామ్ సింగ్ కస్వాన్ గెలిచాడు. 2014లో, 2019లో కొడుకు రాహుల్ గెలిచాడు. 2019లో ఆధిక్యం మూడు లక్షల పైచిలుకు. అలాంటి ఎంపీకి టికెట్టు ఎందుకు పోయిందంటే దాని మూలం అదే జిల్లాలోని తారానగర్‌లో ఉంది. 2023 డిసెంబరులో వెలువడిన అసెంబ్లీ ఫలితాల్లో బీజేపీ సీనియర్ నేత, అప్పటిదాకా ప్రతిపక్ష నాయకుడిగా ఉన్న రాజేంద్ర రాథోడ్ అక్కడ కాంగ్రెస్ అభ్యర్థి చేతిలో ఓడిపోయాడు. సొంత పార్టీవాళ్లే వెన్నుపోటు పొడిచారని ఆయన వర్గం కస్వాన్‌వైపు వేలు చూపించింది. కస్వాన్ వర్గం ఆ మాటను ఒప్పుకోలేదు. ఒకే పార్టీలో ఇద్దరు నాయకుల పాత పగ అలా బయటపడింది. టికెట్టు పోయినప్పుడు తాను చేసిన నేరమేమిటని కస్వాన్ బహిరంగంగానే అడిగాడు. ఆ ప్రశ్నకు వచ్చిన సానుభూతి అంతా కస్వాన్ వెంట నడిచింది. ఎన్నిక కస్వాన్‌కూ రాజేంద్ర రాథోడ్‌కూ మధ్య జరిగినట్టు జనం మాట్లాడుకున్నారు. ఓటు యంత్రం మీద మాత్రం మూడో మనిషి పేరు ఉంది.

ఈ కథలోని విషాదమంతా నాకు ఇక్కడే కనిపిస్తుంది. ముప్ఫై ఏళ్లు బల్లెం విసిరిన మనిషిని తీసుకెళ్లి ఇంకొకరి పోరాటంలో బల్లెంగా విసిరారు. విసిరినవాళ్లకు ఆ బల్లెం ఎన్ని ఏళ్ల సాధనతో సానపట్టుకుందో అక్కర్లేదు. చేతిలోంచి వదిలాక అది ఎక్కడ పడినా వాళ్లకు పెద్దగా పోయేదేమీ లేదు. బల్లెం నేలలో గుచ్చుకున్నప్పుడు దెబ్బ తగిలేది మొనకే.

దేవేంద్ర ఇష్టం లేకుండా బరిలోకి దిగాడని నేను అనడం లేదు. దేశసేవ చేయాలన్న కోరిక, పిలుపు వచ్చినప్పుడు కాదనలేని గౌరవం, తన జిల్లా తనను ఆదరిస్తుందన్న నమ్మకం, ఇవన్నీ ఉండి ఉంటాయి. మైదానంలో పెరిగినవాడికి ఉండే నమ్మకం అది. కష్టపడ్డవాడు ఎంత దూరం విసిరితే అంత దూరమే కొలుస్తారు. టేపు పట్టుకున్న అధికారి ఆటగాడి కులం అడగడు, అతని వెనక ఎవరున్నారో అడగడు, అతని ముందు ఆ చోట ఎవరు నిలబడ్డారో అడగడు. ఎన్నికలో మొదట అడిగేవి ఆ ప్రశ్నలే. ఏప్రిల్ 5న ప్రధాని నరేంద్ర మోదీ స్వయంగా చురు వచ్చి సభలో ఓట్లు అడిగాడు. 19న పోలింగ్ జరిగింది. టికెట్టు వచ్చిన రోజు నుంచి పోలింగ్ దాకా ఉన్నది ఏడు వారాలు. ఒక్క విసురుకు ఒళ్లు సిద్ధం చేసుకోవడానికి ఏళ్లు పట్టిన మనిషికి, ఎనిమిది అసెంబ్లీ నియోజకవర్గాల ఎడారిని అర్థం చేసుకోవడానికి ఏడు వారాలు ఇచ్చారు.

చురు ఓటర్లను నిందించడం న్యాయం కాదు. వాళ్ల కోపానికి వాళ్ల కారణాలున్నాయి. సైన్యాన్నే నమ్ముకున్న ఊళ్లలో నాలుగేళ్ల అగ్నివీర్ ఉద్యోగం గుబులు పుట్టించింది. పంట ధరల మీద రైతుల అసంతృప్తి చల్లారలేదు. పొరుగున ఉన్న ఝుంఝును, సీకర్, నాగౌర్, శ్రీగంగానగర్‌లలోనూ బీజేపీ ఓడింది. 2014లో ఒంటరిగా, 2019లో మిత్రపక్షంతో కలిపి 25కు 25 స్థానాలు దక్కిన రాష్ట్రంలో ఈసారి ఆ పార్టీకి మిగిలింది 14. ఆ గాలిలో ఎవరు నిలబడ్డా పడిపోయేవారేమో. 7,28,211 మంది దేవేంద్ర పతకాలను కాదనలేదు. ఆయన చేతిలో ఉన్న గుర్తును కాదన్నారు. కానీ బ్యాలెట్ మీద ఆ రెంటినీ విడదీసే గీత లేదు. గుర్తుకు పడిన దెబ్బ పేరుకు కూడా తగిలింది. నిన్నటిదాకా అందరివాడైన మనిషి ఒక్క వేసవిలో కొందరివాడయ్యాడు. పదవి రాకపోవడం చిన్న నష్టం. నా దృష్టిలో పతనమంటే ఇదీ.

ఈ దెబ్బ తిన్నది ఆయనొక్కడే కాదు. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో డిస్కస్ స్వర్ణం గెలిచిన కృష్ణ పూనియా ఇదే సాదుల్‌పూర్ నుంచి 2013లో ఓడింది, 2018లో ఎమ్మెల్యేగా గెలిచింది, 2023లో మళ్లీ ఓడింది. మధ్యలో 2019లో జైపూర్ రూరల్‌లో ఆమెను ఎదుర్కొని గెలిచినది ఏథెన్స్ రజత విజేత రాథోడే. మన హైదరాబాద్ క్రికెట్ వీరుడు అజహరుద్దీన్ 2009లో మొరాదాబాద్‌లో గెలిచి, 2014లో రాజస్థాన్‌లోని టోంక్-సవాయి మాధోపూర్‌కు వెళ్లి ఓడాడు, 2023లో సొంత ఊరి జూబ్లీహిల్స్‌లోనూ ఓడాడు. పార్టీలు గెలుపు గుర్రాల కోసం వెతుకుతాయి. ఆటగాడి మెడలోని పతకం చూసి ఓట్లు లెక్కేసుకుంటాయి. ఆ పతకం వెనకున్న మనిషికి ప్రజల మధ్య ఏ పని అప్పగించాలో, ఏ సమస్య మీద నిలబెట్టాలో ఆలోచించవు. గెలిస్తే పతకం పార్టీది, ఓడితే ఓటమి ఆటగాడిది.

దీనికి ఎదురుగా మనకు తెలిసిన ఒక జీవితం ఉంది. సూదిని జైపాల్ రెడ్డికి పసితనంలోనే పోలియో సోకింది. ఊతకర్రల మీదే ఆయన జీవితమంతా నడిచాడు. 1969లో కల్వకుర్తి నుంచి మొదటిసారి ఎమ్మెల్యే అయ్యాడు. 1980లో మెదక్‌లో ఇందిరాగాంధీ మీద నిలబడి ఓడాడు. 2014లో మహబూబ్‌నగర్‌లో ఓడాడు. ఆ ఓటముల వల్ల ఆయన చిన్నవాడు కాలేదు. ఎందుకంటే ఆయన గెలుపూ ఓటమీ ఆయన మాటలవే, ఆయన వాదనలవే, ఆయన నమ్మిన రాజకీయాలవే. 1998లో ఉత్తమ పార్లమెంటేరియన్ పురస్కారం ఊతకర్రలను చూసి రాలేదు. దేవేంద్రకు అలాంటి ఓటమి కూడా దక్కలేదు. తన మాట చెప్పి, ఆ మాట జనానికి నచ్చక ఓడిపోయే హక్కు ప్రతి అభ్యర్థికీ ఉండాలి. ఆయన ఇంకొకరి తగాదాలో ఓడిపోయాడు.

ఇంతకీ ఆయన మాట ఏమై ఉండేది? 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2.68 కోట్లమంది. లోక్‌సభలో వారికి ఒక్క స్థానమూ కేటాయించి లేదు. 2016లో వచ్చిన చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. కానీ ఆ చట్టం మండల కార్యాలయం మెట్ల దగ్గర ఆగిపోతున్న ఊళ్లు కోకొల్లలు. చెట్లకొమ్మల్లో వేలాడే కరెంటు తీగలు, కంచె లేని ట్రాన్స్‌ఫార్మర్లు చురులో ఉన్నట్టే మన పాలమూరులోనూ, అనంతపురంలోనూ ఉన్నాయి. పొలానికి వెళ్లిన రైతూ, ఆడుకోవడానికి వెళ్లిన పిల్లవాడూ అక్కడే కాలిపోతున్నారు. ఎనిమిదేళ్లప్పుడు ఆ తీగ తాకిన మనిషి పార్లమెంటులో లేచి నిలబడి, ఎందుకు తాకింది, ఎవరిది బాధ్యత, ఇంకెంతమంది చేతులు పోవాలి అని అడిగితే సభలో ఎవరు తల తిప్పుకోగలరు? ఆ ప్రశ్న అడగడానికి ఆయనకున్న హక్కు ఇంకెవరికీ లేదు. చురు ఎన్నికలో ఎంతో గొడవ జరిగింది. ఆ ప్రశ్న దగ్గరికి మాత్రం చర్చ రానే లేదు.

ఓడిన మనిషి తిరిగి తన వాళ్ల దగ్గరికే వెళ్లాడు. ఫలితాలు వచ్చిన మూడు నెలలకు పారిస్ పారాలింపిక్స్ జరిగాయి. ఆయన అధ్యక్షుడిగా ఉన్న కమిటీ పంపిన జట్టు 7 స్వర్ణాలతో సహా 29 పతకాలు తెచ్చింది. అంతకుముందు ఏ పారాలింపిక్స్‌లోనూ మనకు అన్ని రాలేదు. వాటిలో వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన కూలీల బిడ్డ దీప్తి జీవాంజి 400 మీటర్ల పరుగులో గెలిచిన కాంస్యం కూడా ఉంది. ఏథెన్స్‌లో దేవేంద్ర గెలిచిన ఏడు మన జట్టు మొత్తానికి వచ్చినవి రెండే పతకాలు. రెండు నుంచి ఇరవైతొమ్మిదికి చేరిన ఆ దారిలో మొదటి అడుగులు వేసినవాళ్లలో ఆయన ఒకడు. ఆ గౌరవం ఏ లెక్కింపు కేంద్రమూ తీసేయలేదు.

అయినా ఆయన్ను తలచుకుంటే దుఃఖం తీరదు. మొదట ఆయన చేతిని ఎవరో నిర్లక్ష్యంగా వదిలేసిన తీగ తీసుకుంది. తర్వాత ఆయన యవ్వనాన్ని పోటీల పట్టిక తీసుకుంది. చివరికి అందరివాడన్న పేరును రాజకీయం తీసుకుంది. మొదటి రెండు నష్టాలనూ ఆయన ఒళ్లు వంచి పూడ్చుకున్నాడు. మూడోదాన్ని పూడ్చడం ఆయన ఒక్కడి చేతిలో లేదు, మన చేతిలో ఉంది. ఆటగాడికి ఓటు వేయకపోవడం తప్పు కాదు. ఓటు వేయనందుకు అతని ఆటను మరిచిపోవడం తప్పు. అంతకన్నా పెద్ద తప్పు పార్టీలది. పారా క్రీడాకారులను చట్టసభలకు పంపాలనుకుంటే పంపండి, తప్పక పంపండి. కానీ వాళ్లను ఎన్నికకు ఏడు వారాల ముందు కాదు, ఐదేళ్ల ముందు పిలవండి. పతకాన్ని కాదు, వాళ్ల ప్రశ్నను నిలబెట్టండి. మీ పగలు మీరే తీర్చుకోండి. వాళ్లు గెలిచినా ఓడినా అది వాళ్ల సొంత పోరాటం అయ్యేలా చూడండి.